ఏడేళ్లు చదువు... ఎనిమిదో ఏట మూగనోము!

నిన్నటిదాకా టీచరు ప్రశ్న అడగ్గానే నేనంటే నేనని చేతులెత్తిన పిల్లలే. సెలవులు ముగిసి హైస్కూల్లో అడుగుపెట్టగానే నోరు మెదపడం మానేస్తారు. వాళ్ల తెలివి ఎక్కడికీ పోలేదు. మారింది పాఠం చెప్పే భాష ఒక్కటే. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా అర్ధశతాబ్దానికి పైగా విప్పలేకపోతున్న ఆ చిక్కుముడి... మన ఇళ్లలో బడి తెరిచే రోజుల్లో ఏటా నలిగే ప్రశ్నే!

అదో పల్లెటూరి బడి. రేకుల కప్పు, ఎర్రమట్టి ఆవరణ. ఒక్కో బల్లమీద ముగ్గురు నలుగురు సర్దుకుని కూర్చున్నారు. ఏడో తరగతిలో సైన్సు పాఠం నడుస్తోంది. ‘మొక్కకు ఆకులెందుకు?’ అని అడిగారు మాస్టారు. ముందు బెంచీ నుంచి ఒకరు, కిటికీ పక్క నుంచి ఇంకొకరు... పది చేతులు పైకి లేచాయి. ఒకళ్లు తప్పు చెబితే మరొకళ్లు సరిదిద్దారు. వెనక వరసలోంచి ఓ అల్లరి పిల్లాడు లేచి, ‘మరి ఆకులన్నీ రాలిపోతే చెట్టు పస్తుంటుందా?’ అని ఎదురు ప్రశ్న వేశాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. మాస్టారూ నవ్వారు. ఆ మాటలన్నీ స్వాహిలీలోనే.

కొన్ని నెలలు గడిచాయి. అదే పిల్లలు హైస్కూల్లో చేరారు. మళ్లీ మొక్కల పాఠమే వచ్చింది. టీచరు బోర్డు నిండా ఇంగ్లీషులో రాశారు. పిల్లలు ఒక్క అక్షరం పోకుండా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ‘అర్థమైందా?’ అంటే ‘యెస్ సార్’ అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ‘ఏమైనా అడగాలా?’ అంటే నిశ్శబ్దం. వెనక వరసలో ఆ అల్లరి పిల్లాడు తల దించుకుని కూర్చున్నాడు. వాడి దగ్గర ప్రశ్న ఉంది. అడగడానికి భాషే లేదు.

ఇది ఫలానా ఊళ్లో ఫలానా బడి కథ కాదు. టాంజానియా తరగతి గదుల్లో వెనక బెంచీలో కూర్చుని గమనించిన పరిశోధకులు మళ్లీ మళ్లీ రాసిన దృశ్యాన్నే కథలా చెప్పుకున్నామంతే. ఆ దేశంలో దశాబ్దాలుగా ప్రాథమిక చదువు ఏడేళ్లూ స్వాహిలీలో. ఆపైన హైస్కూలు, కాలేజీ, యూనివర్సిటీ అన్నీ ఇంగ్లీషులో. ఏడో తరగతికీ ఎనిమిదో ఏటికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టే. కానీ ఎందరో పిల్లలు జారిపోతున్నది అక్కడే.

మాస్టారు ఏలిన దేశం

టాంజానియా అనగానే మనకు గుర్తొచ్చేవి కిలిమంజారో కొండ, సెరెంగెటి మైదానం, టీవీలో పరుగులు తీసే సింహాలు. ఆ దేశం చేసిన పెద్ద సాహసం మాత్రం బడిలో జరిగింది.

1961లో టాంగన్యికాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో జాంజిబార్ దీవులతో కలిసి టాంజానియా అయింది. దాన్ని 1985 దాకా ఏలింది జూలియస్ నైరేరే. రాజకీయాల్లోకి రాకముందు ఆయన బడిపంతులు. దేశమంతా ఆయన్ని ‘మ్వాలిము’ అనే పిలిచేది. స్వాహిలీలో ఆ మాటకు అర్థం... మాస్టారు! పదవి దిగిపోయాకా, 1999లో కన్నుమూశాకా కూడా ఆ పిలుపు మారలేదు.

కొత్త దేశం ముందు కొండంత సమస్య ఉంది. 120కి పైగా తెగలు. ఎవరి భాష వాళ్లది. సుకుమా, చాగా, హాయా, మకోండే, మాసాయి... ఒక సీమ మాట ఇంకో సీమకు తెలియదు. నైరేరే ఇంటి భాష జనాకీ అయితే మరీ చిన్నది. ఏ తెగ భాషను నెత్తిన పెట్టుకున్నా మిగతావాళ్లకు కోపం వస్తుంది. పోనీ ఇంగ్లీషునే ఉంచుదామా అంటే అది వచ్చినవాళ్లు గుప్పెడుమంది.

అప్పుడు అక్కరకొచ్చింది స్వాహిలీ. హిందూ మహాసముద్ర తీరంలో పుట్టి, వర్తకుల బిడారుల వెంట దేశం లోపలికి నడిచివెళ్లిన భాష అది. ఏ పెద్ద తెగకూ సొంతం కాదు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. జర్మన్లు ఏలినప్పుడు కింది స్థాయి పాలన దాంతోనే నడిపారు. స్వాతంత్ర్యోద్యమ సభల్లో మోగిందీ అదే. 1967లో నైరేరే ప్రభుత్వం స్వావలంబన బాట పడుతూ ప్రాథమిక చదువంతా స్వాహిలీలోనే అని ప్రకటించింది. ‘మన భాషలో అంత సత్తా ఉందా?’ అనేవాళ్లకు మాస్టారు తన పని చేసి చూపించారు. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’నీ, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’నీ స్వయంగా స్వాహిలీలోకి అనువదించారు!

ఫలితం? ఊరూరా బడి తెరిచారు. పగలు పిల్లలకు, సాయంత్రం పెద్దలకు పాఠాలు. 1967లో చదవను రాయను వచ్చినవాళ్లు మూడోవంతు మంది మాత్రమే. 1980ల మధ్యకు వచ్చేసరికి పెద్దల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అక్షరం వచ్చిందని ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. సర్కారు లెక్కల్లో కాస్త ఉదారం ఉందనుకున్నా, అంత పేద దేశం అంత వేగంగా అక్షరాలు దిద్దుకోవడం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. చెప్పే మాట వినేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండటమే అందులో సగం బలం.

వాళ్ల ‘దుకా’... మన దుకాణం!

స్వాహిలీ మనకు బొత్తిగా కొత్త భాషేమీ కాదు. మన పడమటి రేవులకూ, అరబ్బు దేశాలకూ, తూర్పు ఆఫ్రికాకూ మధ్య వందల ఏళ్లు తెరచాప ఓడలు తిరిగాయి. సరుకుతోపాటు మాటలూ ప్రయాణం చేశాయి. అక్కడ కొట్టును ‘దుకా’ అంటారు. పుస్తకం ‘కితాబు’. లెక్కలు ‘హెసాబు’. బండి ‘గారి’. గోనెసంచి ‘గునియా’. చాయ్‌ని చాయ్ అనే అంటారు, చపాతీని చపాతీ అనే! హైదరాబాద్ పాతబస్తీ మనిషి దార్ ఎస్ సలామ్ బజారులో దిగితే సగం బేరం చేతులతో, సగం ఈ మాటలతో లాగించేయొచ్చు. ఇంతకీ వాళ్లు బడిని ఏమంటారో తెలుసా? ‘షూలే’. అది మాత్రం జర్మన్లు వదిలివెళ్లిన మాట. ఒక్క భాష సంచిలో ఇన్ని దేశాల నాణేలున్నాయి. భాషలు ఒకదాన్నొకటి మింగేయనక్కర్లేదు, ఇచ్చిపుచ్చుకోవచ్చని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

చెప్పిందొకటి... చేసిందొకటి

కథ ఇక్కడితో ఆగిపోతే అది విజయగాథే. కానీ 1967 నిర్ణయం ఏడో తరగతి గడప దగ్గర ఆగిపోయింది. మొదట్లో అనుకున్నదేమిటంటే, నెమ్మదిగా హైస్కూలునూ స్వాహిలీలోకి తేవాలని. పుస్తకాలు రాయాలి, పారిభాషిక పదాలు తయారుచేయాలి, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. దానికి డబ్బు కావాలి. ఇంతలో చమురు ధరలు భగ్గుమన్నాయి. 1978-79లో ఉగాండా నియంత ఇదీ అమీన్‌తో యుద్ధం వచ్చిపడింది. ఖజానా ఖాళీ అయింది.

1982లో మక్వేటా సంఘం నివేదిక ఇచ్చింది. 1985 నుంచి హైస్కూలు మొదటి ఏడాదిలో స్వాహిలీ మొదలుపెట్టి, క్రమంగా పైకి తీసుకెళ్లమంది. ప్రభుత్వం ఊఁ అన్నట్టే అని చివరికి వెనక్కి తగ్గింది. విచిత్రమేమిటంటే స్వాహిలీకి అంత చేసిన నైరేరే కూడా ఇంగ్లీషును వదులుకోవడానికి ఇష్టపడలేదు. ఇంగ్లీషు ప్రపంచానికి స్వాహిలీ లాంటిది, దాన్ని నేర్చుకోవాల్సిందే అన్నది ఆయన వాదన. తప్పేముంది? నేర్చుకోవాల్సిందే. కానీ ఇంగ్లీషును నేర్చుకోవడం వేరు. ఇంగ్లీషులో భౌతికశాస్త్రం నేర్చుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే చిక్కంతా వచ్చింది.

1984లో క్రిపర్, డాడ్ అనే ఇద్దరు బ్రిటిష్ నిపుణులు అక్కడి బళ్లను పరీక్షించారు. హైస్కూలు చదువుతున్న పిల్లల్లో చాలామంది పాఠ్యపుస్తకం చదివి అర్థం చేసుకునే స్థాయిలో లేరని తేల్చారు. అయినా ఇంగ్లీషు మాధ్యమాన్ని మార్చమనలేదు, ఇంగ్లీషు బోధనను బాగుచేయమన్నారు. బ్రిటన్ సాయంతో ఆ పనీ జరిగింది. కథలపుస్తకాలు వచ్చాయి, శిక్షణలు నడిచాయి. పునాది మాత్రం అలాగే ఉండిపోయింది.

2002లో నార్వే ప్రొఫెసర్ బిర్గిట్ బ్రాక్-ఉట్నే, టాంజానియా, దక్షిణాఫ్రికా పరిశోధకులు కలిసి ఓ పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అందులో భాగంగా ఒకే పాఠాన్ని కొందరు పిల్లలకు ఇంగ్లీషులో, కొందరికి స్వాహిలీలో చెప్పించి చూశారు. స్వాహిలీలో విన్న పిల్లలు ప్రశ్నలడిగారు, వాదించారు, పరీక్షలోనూ మెరుగ్గా రాశారు. ఇంగ్లీషులో విన్నవాళ్లలో ఎక్కువమంది టీచరు మాటను తిరిగి అప్పజెప్పడంతో సరిపెట్టారు. దార్ ఎస్ సలామ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషుకు సంబంధించిన విభాగంలోనే పనిచేసిన మార్తా కొరో కూడా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది ఇదే. పిల్లలకు మంచి ఇంగ్లీషు రావాలంటే దాన్ని మంచి టీచర్లతో భాషగా నేర్పండి, ఇంగ్లీషు సరిగా రాని లెక్కల మాస్టారి మీద ఆ భారం వేయకండి అని.

నిజమే కదా! టీచరు కూడా ఆ బడుల్లోంచి వచ్చినవారే. ఆయనకు లెక్క తెలుసు, దాన్ని ఇంగ్లీషులో విడమరిచి చెప్పడం కష్టం. చాలామంది గుట్టుగా స్వాహిలీలో చెప్పి, బోర్డుమీద ఇంగ్లీషులో రాస్తారు. అర్థం ఒక భాషలో, పరీక్ష ఇంకో భాషలో. కొన్ని బడుల్లో ఆవరణలో స్వాహిలీ మాట్లాడితే శిక్ష కూడా ఉండేది. మనకు తెలియని సంగతేం కాదు... తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్తలు మన పేపర్లలోనూ చదివాం.

ఆ ఏడాది ఫలితాలు

2004 తర్వాత టాంజానియా హైస్కూళ్లను గబగబా పెంచింది. అంతకుముందు హైస్కూలు వయసు పిల్లల్లో నూటికి పదిమంది కూడా అక్కడిదాకా వచ్చేవారు కాదు. కొత్త బడులతో పేదపిల్లలకు దారి దొరికింది. మంచి పనే. కానీ టీచర్లు చాలలేదు, ప్రయోగశాలలు లేవు. వీటన్నిటిపైన తెలియని భాష.

2012 చివర్లో నాలుగేళ్ల హైస్కూలు చదువు ముగించిన దాదాపు 4 లక్షల మంది పిల్లలు జాతీయ పరీక్ష రాశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. దాదాపు 60 శాతం మందికి సున్నా శ్రేణి! దేశం నిర్ఘాంతపోయింది. ఎంత గొడవైందంటే, ప్రభుత్వం ఆ ఫలితాలను రద్దుచేసి, మార్కుల లెక్క మార్చి మళ్లీ ప్రకటించాల్సి వచ్చింది. తప్పంతా భాషదే అనడం న్యాయం కాదు. టీచర్ల కొరత, కిక్కిరిసిన గదులు, ఆకలి... అన్నీ ఉన్నాయి. కానీ ప్రశ్నపత్రంలో ఏమడిగారో అర్థంకాని పిల్లాడికి మిగతావన్నీ అమర్చినా ఏం లాభం?

2015 ఫిబ్రవరిలో కొత్త విద్యావిధానం విడుదలైంది. కింది నుంచి పై దాకా స్వాహిలీలో చెప్పే దారి తెరుస్తామంది. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆచరణలో హైస్కూలు బోర్డు మీద ఇంగ్లీషు చెరగలేదు. 2023లో ఆ విధానాన్ని సవరించినప్పుడూ హైస్కూల్లో ఇంగ్లీషే నిలిచింది. రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి!

అమ్మానాన్నల లెక్క వేరు

మరి తల్లిదండ్రులేమంటున్నారు? ఇక్కడే అసలు మెలిక. పండితులంతా స్వాహిలీ మంచిదంటుంటే, పిల్లల్ని కన్నవాళ్లు చాలామంది ఇంగ్లీషే కావాలంటారు. 1990ల్లో ప్రైవేటు బడులకు తలుపులు తెరిచాక ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్పే ప్రాథమిక బడులు పట్నాల్లో పుట్టగొడుగుల్లా లేచాయి. ఉన్నవాళ్లు అక్కడ చేర్పించారు. లేనివాళ్లు అప్పుచేసి చేర్పించారు.

వాళ్లను వెర్రివాళ్లనుకుంటే పొరపాటు. వాళ్ల లెక్క చాలా సూటిగా ఉంటుంది. హైస్కూలు ఇంగ్లీషు. యూనివర్సిటీ ఇంగ్లీషు. బ్యాంకు ఉద్యోగం, హోటల్లో కొలువు, పర్యాటకులను కిలిమంజారో ఎక్కించే పని... అన్నిటికీ ఇంగ్లీషే. కోర్టులో తీర్పు సైతం చాలాకాలం ఇంగ్లీషులోనే వచ్చింది. 2021లో చట్టం సవరించాక గానీ న్యాయస్థానాల భాష స్వాహిలీ కాలేదు. కొలువులూ కచేరీలూ ఒక భాషలో నడుపుతూ, ‘మీ పిల్లల్ని మాత్రం ఇంకో భాషలో చదివించండి’ అంటే ఏ తండ్రి నమ్ముతాడు? పైగా ఆ మాట చెప్పే పెద్దమనిషి పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఊరందరికీ తెలుసు!

కాబట్టి ఈ తగువులో ఒకవైపు తెలివైనవాళ్లు, ఇంకోవైపు తెలివితక్కువవాళ్లు లేరు. పిల్లాడికి ఈరోజు పాఠం అర్థం కావాలనేది ఒక బాధ. రేపు ఉద్యోగం దొరకాలనేది ఇంకో బాధ. రెండూ నిజమైన బాధలే. పేదింటి పిల్లలకు చివరికి పాఠమూ అర్థంకాక, ఇంగ్లీషూ అబ్బక రెంటికీ చెడ్డ రేవడి బతుకవుతోంది. అదే అసలు అన్యాయం.

ఇంకో సంగతి. దూరపు పల్లెలోని మాసాయి పిల్లాడికి స్వాహిలీ కూడా పరాయి భాషే. ఇంట్లో ఒకటి, చిన్న బడిలో రెండోది, పెద్ద బడిలో మూడోది. దేశమంతటినీ కలిపిన స్వాహిలీ, ఆ గుడిసె గడపలో తనే పెద్దభాష అయి కూర్చుంది.

ఒక్కో దేశం... ఒక్కో పాఠం

ఈ తడబాటు టాంజానియా ఒక్కదానిదే కాదు.

పక్కనే ఉన్న రువాండానే చూడండి. అక్కడ దాదాపు అందరికీ ఒకటే భాష, కిన్యారువాండా. అంత అదృష్టం ఆఫ్రికాలో అరుదు. పై చదువులు ఎక్కువగా ఫ్రెంచిలో ఉండేవి. 2008 అక్టోబరులో మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. 2009 నుంచి చదువంతా ఇంగ్లీషులోనే అని. మెజారిటీ టీచర్లకే ఇంగ్లీషు రాదు! పాఠం చెప్పాల్సినవాళ్లే రాత్రిళ్లు పాఠం నేర్చుకున్నారు. 2011లో మొదటి మూడేళ్లకు కిన్యారువాండాను తిరిగి తెచ్చారు. 2019 డిసెంబరులో మళ్లీ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు అన్నారు. అంటే పదకొండేళ్లలో మూడు మలుపులు. ఆ మలుపుల మధ్య బడిలో చేరిన పిల్లలకు మాత్రం ఒకటే బాల్యం.

మలేసియా 2003లో లెక్కలు, సైన్సు పాఠాలను ఇంగ్లీషులోకి మార్చింది. పట్నం పిల్లలు అందుకున్నారు. పల్లెటూరి పిల్లలు వెనకబడ్డారు. 2009 మార్చిలో కౌలాలంపూర్ వీధుల్లో వేలమంది ఊరేగారు. ఆ దేశపు జాతీయ కవి సమద్ సయీద్ ముందు నడిచారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. అదే ఏడాది ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2012 నుంచి సొంత భాషలకు మళ్లింది. అప్పుడేమైంది? పట్నాల్లోని తల్లిదండ్రులు ‘మా పిల్లల ఇంగ్లీషు ఏం కావాలి?’ అని గొంతెత్తారు! 2016లో, కావాలనుకున్న కొన్ని బడులకు ఇంగ్లీషులో చెప్పే వీలిచ్చారు.

ఫిలిప్పీన్స్‌లో 1901లో ‘థామస్’ అనే ఓడలో అమెరికా పంతుళ్లు దిగిన దగ్గర్నుంచి ఇంగ్లీషుకు పెద్దపీట దక్కింది. 2012 నుంచి మూడో తరగతి దాకా పిల్లల సొంత భాషల్లో చెప్పాలని దేశవ్యాప్తంగా మొదలుపెట్టారు. ఆలోచన గొప్పది. కానీ పుస్తకాలు సమయానికి రాలేదు. టీచర్లకు శిక్షణ చాలలేదు. ఒక్కో గదిలో మూడు నాలుగు భాషల పిల్లలు. 2024 అక్టోబరులో ఆ నిబంధనను తీసేస్తూ చట్టం చేశారు. మంచి మాట చెప్పడం వేరు, దానికి తగ్గ పుస్తకాలు అచ్చేయడం వేరు అనేది అక్కడి పాఠం.

ప్రపంచం మొత్తమ్మీద నూటికి 40 మందికి తాము మాట్లాడే, అర్థం చేసుకునే భాషలో చదువు అందడం లేదని యునెస్కో అంచనా. పేద, మధ్యాదాయ దేశాల పిల్లల్లో 37 శాతం మంది తమకు బాగా అర్థమయ్యే భాష కానిదాంట్లో చదువుతున్నారని 2021లో ప్రపంచబ్యాంకు చెప్పింది. అంటే ఆ అల్లరి పిల్లాడు ఒక్కడు కాదు. కోట్లమంది.

మన గడపలో...

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తగువు సుప్రీంకోర్టుకెక్కింది. తెలంగాణ 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టింది. భాషాభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నారు. ‘డబ్బున్నవాళ్ల పిల్లలు కాన్వెంటుకు పోతుంటే మా పిల్లలే తెలుగును కాపాడాలా?’ అని కంచ ఐలయ్య లాంటివాళ్లు నిలదీశారు. ఆ ప్రశ్నకు తల్లిపాల సామెత ఒక్కటే జవాబు కాదు. టాంజానియా తండ్రి అడిగిందీ ఇదే.

అయితే రెండు రాష్ట్రాలూ చేసిన ఒక పని చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకంలో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు వేసి రెండు భాషల పుస్తకాలు అచ్చేశాయి. పిల్లాడికి ఇటు అర్థంకాకపోతే అటు చూసుకునే వీలుంది. ఇంట్లో అమ్మ కూడా చదివి చెప్పగలదు. హైస్కూలు మెట్టు దగ్గర జారిపడుతున్న టాంజానియా పిల్లలకు ఇలాంటి ఊతకర్ర ఉపయోగపడేదేమో!

మన మాసాయిలూ ఉన్నారు. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా పిల్లలకు తెలుగు మాధ్యమమే పరాయి మాధ్యమం. ఈ సంగతి మనవాళ్లలో అందరికంటే ముందు గుర్తించినవారు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమంటూ ఆయనకు దండ వేస్తాం. కానీ పిల్లాడి నోట్లో ఉన్న మాటతోనే బడి మొదలవ్వాలనే ఆయన నమ్మకం తెలుగుకు మాత్రమే కాదు, సవరకూ వర్తించిందని మర్చిపోతాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఆ ఎనిమిది భాషల్లో 240 బడుల్లో ప్రయోగం మొదలైంది. మొదట సొంత భాష, తర్వాత తెలుగు, ఆపైన ఇంగ్లీషు... మెట్టు మీద మెట్టు. ఆ దారిలో వెళ్లాలంటే ఆ భాష వచ్చిన టీచరు ఆ గూడెంలో ఉండాలి. అది లేనిచోట పుస్తకం బీరువాలోనే ఉండిపోతుంది.

మెట్లు కట్టాలి

ఇన్ని దేశాలు తిరిగొచ్చాక తేలేదేమిటి? ఇంగ్లీషు కావాలా, అమ్మభాష కావాలా అనే ప్రశ్నే సరిగా లేదు. రెండూ కావాలి. ఎప్పుడు, ఎలా, ఎవరు చెబుతారన్నదే అసలు ప్రశ్న.

మొదటి ఏళ్లలో చదవడం, లెక్కపెట్టడం, ఎందుకని అడగడం... ఇవి తెలిసిన భాషలో వస్తే గట్టిగా నిలుస్తాయి. చదవడం ఒకసారి వస్తే ఇంకో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. అక్షరాలు మారతాయంతే. ఇంగ్లీషును మొదటి నుంచే భాషగా, మాటలతో, ఆటలతో, పాటలతో, అది బాగా వచ్చిన టీచరుతో నేర్పాలి. భాష మారాల్సి వస్తే అది ఒక్కరాత్రిలో కాకుండా రెండు మూడేళ్లు, రెండు భాషల పుస్తకాలతో జరగాలి. పాఠం అర్థమైన భాషలో ప్రశ్న అడిగే స్వేచ్ఛ పిల్లాడికి ఉండాలి. ఇదంతా చవగ్గా అయ్యే పని కాదు. కానీ నాలుగేళ్లు చదివించి సగానికి పైగా పిల్లల్ని సున్నా దగ్గర నిలబెట్టడం ఇంకా ఖరీదైనది.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా, బడి నుంచి రాగానే ‘ఎన్ని మార్కులు?’ అనడానికి ముందు ‘ఈరోజు ఏం చెప్పారు? నాకు చెప్పు’ అని మన భాషలో అడిగి చూడండి. అరుగుమీద కూర్చున్న నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. పదాలు వల్లెవేసి ఆగిపోతే... పాఠం ఇంకా బోర్డు మీదే ఉందని అర్థం. అప్పుడు కోప్పడాల్సింది పిల్లల మీద కాదు.

ఇంతకీ ఆ అల్లరి పిల్లాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆకులన్నీ రాలిపోతే చెట్టు పస్తుంటుందా? ఉండదు. పచ్చగా ఉన్న రోజుల్లోనే ఎండను పట్టి ఆహారం తయారుచేసుకుని, అందులో కొంత కాండంలో, కొమ్మల్లో, వేళ్లలో పిండిపదార్థంగా దాచిపెట్టుకుంటుంది. కొత్త చిగురు వేసేదాకా ఆ దాచుకున్నదాంతోనే బతుకుతుంది. ఈ జవాబు మీ ఇంట్లో పిల్లలకు చెప్పండి. ఏ భాషలో చెబితే వాళ్లు వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారో, ఆ భాషలో!